పాత గిటార్‌కు కొంత గడువు కావాలి

ఏళ్ల తరబడి కోరుకున్న పాత జాజ్ గిటార్ అమ్మకానికి వస్తుంది, ఆలోచించుకునేలోపే చేయి మారిపోతుంది. అప్పుడు వెనకాడినవారినే తప్పుపడతాం. అది అన్యాయం. గిబ్సన్ 1949లో తెచ్చిన ఈఎస్-175 లాంటి వాద్యాన్ని ఫొటో చూసి కొనలేం. తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తేనే మెడలో వంపు తెలుస్తుంది. ఫ్రెట్లు ఎంత అరిగాయో, మెడలోని ఇనుప కడ్డీ ఇంకా తిరుగుతోందో లేదో, అంచుల్లో జిగురు విడిందేమో చూడాలి. ఈ రకం గిటార్లలో చాలావాటికి తీగలు ఆనే బ్రిడ్జిని అతికించరు, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. అది కాస్త జరిగినా శ్రుతి చెడుతుంది. లక్షలు పలికే వస్తువుకు ఇంత పరీక్ష వివేకమే, పిరికితనం కాదు.

మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన తెలుగు సినిమాకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాల్లో అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. ఆ సినిమాలకు వాయించేవారి మధ్య పాత వాద్యాల బేరం మాత్రం ఇంకా పరిచయాల మీదే ఎక్కువగా నడుస్తోంది. కొత్త కుర్రాడికి కబురు అందేసరికే ఆలస్యం! కంప్యూటర్‌లోనే గిటార్ ధ్వని దొరుకుతుంటే ఇదంతా ఎందుకంటారు కొందరు. నేపథ్యంలో నాలుగు స్వరాలకు అది చాలు. వేలి బరువును బట్టి మారే నాదం నేర్చుకోవాలంటే మాత్రం అసలు వాద్యమే చేతిలో ఉండాలి. డబ్బు అవసరమైన అమ్మకందారు ఎందుకు ఆగాలన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకే కొద్దిపాటి బయానా, రెండు మూడు రోజుల గడువు చాలు. ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్ చాంబర్, సంగీత కళాకారుల సంఘాలు కలిసి వాద్యాన్ని పరీక్షించుకునేందుకు ఓ గది, ఓ మరమ్మతు నిపుణుడు, అందరికీ కనిపించే అమ్మకాల పట్టిక ఏర్పాటు చేయాలి.