పేరు చెబితే... ఫైలు ప్రత్యక్షం!

కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడానికి ఇవాళే ఆఖరు. ఇంటర్ మార్కుల మెమో స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచిన సంగతి ఇంట్లో అందరికీ గుర్తుంది. ఎక్కడ దాచారో మాత్రం ఎవరికీ గుర్తులేదు. డి డ్రైవ్‌లో చూడమంటారు నాన్న. డౌన్‌లోడ్స్‌లో ఉండాలంటుంది అమ్మాయి. ఒక్కో ఫోల్డరూ తెరిచి చూసేసరికి గంట గడిచిపోతుంది. కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తిప్పలే ఇవి.

విండోస్‌లోనే సెర్చ్ ఉందిగా అనొచ్చు. ఎక్స్‌పీ రోజుల్లో అయితే ఓ కుక్కపిల్ల కూడా పక్కన కూర్చుని వెతికిపెట్టేది. ఇప్పటి విండోస్ 10, 11ల్లో సెట్టింగ్స్ మార్చకపోతే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ లాంటి చోట్ల ఉన్నవాటికే కంప్యూటర్ ముందుగా జాబితా వేసుకుంటుంది. డి డ్రైవ్‌లో ఏ మూలో ఉన్న ఫైలు కావాలంటే అక్కడికే వెళ్లి వెతకాలి. ఫోల్డర్లన్నీ తిరిగొచ్చేదాకా ఆగాలి.

ఈ ఎదురుచూపులు తప్పించే చిన్న సాఫ్ట్‌వేర్ ‘ఎవ్రీథింగ్’. డేవిడ్ కార్పెంటర్ రూపొందించిన ఈ ప్రోగ్రామ్ వాయిడ్‌టూల్స్ డాట్ కామ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇందులో ‘పోర్టబుల్’ రకం కూడా ఉంది. జిప్ ఫైలు రెండు ఎంబీలకు కాస్త అటూ ఇటూ. ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. జిప్ విప్పి, లోపలున్న ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. మొదటిసారి అనుమతి అడుగుతుంది, ‘ఎస్’ అనాలి.

ఇంత చిన్న ప్రోగ్రామ్‌కి అంత వేగం ఎలా? గ్రంథాలయంలో పుస్తకం కోసం బీరువాలన్నీ వెతికే బదులు రిజిస్టరు చూస్తే పని తేలికవుతుంది కదా. ఇదీ అంతే. విండోస్ హార్డ్‌డిస్క్‌లు సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. అందులో ప్రతి ఫైలు పేరూ ‘మాస్టర్ ఫైల్ టేబుల్’ అనే పట్టికలో నమోదవుతుంది. ఎవ్రీథింగ్ ఫోల్డర్ల వెంట తిరగకుండా నేరుగా ఆ పట్టికనే చదివేస్తుంది. కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్‌లో ఉండే లక్షా 20 వేల ఫైళ్లకు సుమారు ఒక సెకను, పది లక్షల ఫైళ్లకు ఒక నిమిషం పడుతుందని తయారీదారుల లెక్క. ఆ తర్వాత కొత్త ఫైలు చేరినా, పాతది పోయినా జాబితా తనంతట తానే మారిపోతుంది.

వాడటం చాలా సులువు. పై పెట్టెలో పేరులోని ఒక ముక్క కొడితే చాలు, అక్షరం అక్షరానికీ కింద జాబితా తగ్గుతూ వస్తుంది. రెండు ముక్కలు గుర్తుంటే మధ్యలో ఖాళీ వదిలి రెండూ రాయొచ్చు. ఫైలు పేరు తెలుగులో ఉంటే తెలుగులోనే వెతకొచ్చు. పేరు అసలే గుర్తులేకపోతే పైనున్న ‘సెర్చ్’ మెనూలో ‘డాక్యుమెంట్’ గానీ ‘పిక్చర్’ గానీ ఎంచుకుని, ‘డేట్ మాడిఫైడ్’ మీద క్లిక్ చేసి తేదీల వారీగా చూసుకోవచ్చు. ఫైలు కనిపించాక దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ పాత్’ అంటే అది ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది.

కొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఉంటాయి. వాటిని ఆప్షన్స్‌లోకి వెళ్లి ‘ఫోల్డర్స్’ కింద విడిగా చేర్చుకోవాలి. ఒకే కంప్యూటర్‌ని నలుగురు వాడుతుంటే అందరి ఫైళ్ల పేర్లూ ఇందులో కనిపిస్తాయి. నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించిన ఆధార్ కాపీని అక్కడే వదిలేసి వస్తే, ఇలాంటి ప్రోగ్రామ్‌తో దాన్ని పట్టుకోవడం ఎవరికైనా క్షణాల పనే. అందుకే పని కాగానే అక్కడి కాపీని, రీసైకిల్ బిన్‌లో ఉన్నదాన్ని కూడా తీసేయమని అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి. ఎవ్రీథింగ్ మామూలుగా వెతికేది ఫైలు పేరునే, లోపలున్న విషయాన్ని కాదు. లోపలి మాటలను వెతికే వీలున్నా అది చాలా నెమ్మది. పైగా స్కాన్ చేసిన కాగితం కంప్యూటర్‌కి ఒక బొమ్మ మాత్రమే. స్కానర్ పెట్టిన ‘స్కాన్ 0001’, వాట్సాప్ పెట్టిన ‘ఐఎంజీ’ పేర్లు అలాగే ఉంచేస్తే ‘మెమో’ అని ఎన్నిసార్లు కొట్టినా ఏం లాభం? ఏ కాగితమో, ఎవరిదో, ఏ సంవత్సరానిదో తెలిసేలా మూడు ముక్కల్లో పేరు పెట్టాలి. ఈ ఆదివారం ఓ అరగంట తీరిక చేసుకుని మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పట్టాదారు పాసుపుస్తకం కాపీల పేర్లు మార్చేస్తే, ఆఖరు తేదీ నాడు ఇల్లంతా కంప్యూటర్ చుట్టూ చేరాల్సిన అవసరం రాదు.