కారు కుదుపులకు నిదానము

ఈ పుటలలో మేము వంటయింటి పనిముట్లను గూర్చియు, నూతిమోటారును గూర్చియు వ్రాయుచుందుము. ఈమాఱు వీథిగుమ్మమున నిలిచియున్న కారు వంతు వచ్చినది. అందులకు కారణము మా యత్తగారు.

వారికి డెబ్బదియెనిమిదేండ్లు. ఎముకల బలము తగ్గి వెన్నుపూస యొకటి నొక్కుకొనిపోగా మూడునెలలు మంచముపట్టి లేచిరి. కుదుపులు తగులనీయవద్దని వైద్యులు మఱిమఱి చెప్పియుండిరి. నెలకొకమాఱు వారిని గుంటూరునుండి విజయవాడకు వైద్యునికడకు కారులో తీసికొనిపోవుట మాకు వాడుక. ఒకనాడు తిరిగివచ్చి యింటియెదుట దిగునప్పటికి వారి ముఖము పాలిపోయియుండెను. దారిపొడవునను రెండుచేతులతో సీటంచు పట్టుకొనియే కూర్చుండిరట.

"అమ్మాయీ, ఈ బండికేదో జబ్బుంది. గోతుల్లో బాగానే పోతుంది. నున్నటి రోడ్డెక్కాకే గడగడలాడుతుంది," అనిరి.

బండి నడపిన మా చిన్నవాడు నవ్వి, "మన రోడ్లే అంత, నాయనమ్మా!" అనెను. మేమును వృద్ధుల యలసట యని యూరకుంటిమి. అది మా తప్పు. దోషము రోడ్డుది కాదనుటకు సాక్ష్యము ఆమె మాటలోనే యున్నది. గోతులలో కుదుపక నున్ననిచోట కుదుపు బండిని చూచి రోడ్డును నిందించుట యేమి న్యాయము?

వైద్యుడు మందు వ్రాయుటకు ముందు నొప్పి యెక్కడ, ఎప్పుడు, ఏమి చేసినప్పుడు హెచ్చును అని యడుగును. కారు విషయమునను నిదానమునకు త్రోవ యిదియే. మరమ్మతు చేయుట మన పని కాకపోవచ్చును గాని, ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినది మాత్రము బండిలో కూర్చున్నవారే. నడపువాని మనస్సు త్రోవమీద నుండును. వెనుక సీటులో నున్నవారికే బండి నాడి బాగుగ తెలియును.

కుదుపులన్నియు నొకజాతివి కావు. ప్రతి చిన్న రాయియు నడుమునకు సూటిగ తగిలినట్లుండుట యొకటి. గతుకు దాటిన వెనుకకూడ బండి పడవవలె పైకిని క్రిందికిని ఊగుచుండుట వేఱొకటి. త్రోవ నున్నగానున్నను బండి జలదరించినట్లు అదురుట మఱియొకటి. ఈ మూడింటికిని కారణములు వేఱు, ఖర్చులును వేఱు.

మొదటిదానికి తఱచుగా కారణము టైరులలో గాలి హెచ్చుటయే. గాలిటైరు పుట్టినదే కుదుపు తగ్గించుటకు. 1845లో రాబర్టు విలియం థామ్సను దానికి పేటెంటు పొందెను. అది మఱుగునపడినపిమ్మట 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై మరల దానిని కనిపెట్టెను. బిడ్డ కూర్చున్న బండి కుదుపుట చూడలేని తండ్రి చేసిన పని యది. అట్టి టైరులో గాలి మితిమీరి నింపినచో అది వంగుట మాని, రాయి కొట్టిన దెబ్బనంతయు బండికే యప్పగించును. చదరపు అంగుళమునకు ఎన్ని పౌనుల గాలి యుండవలెనో నడపువాని తలుపు తెఱచినచో ఆ స్తంభముమీద అంటించిన చీటిలో నుండును. చిన్న కార్లకు సాధారణముగ 30 మొదలు 35 వఱకు. నిండుగ మనుష్యులను సామానును ఎక్కించినప్పటి లెక్క వేఱుగ వ్రాసియుండును. ఆ పెద్ద లెక్కనే యెల్లప్పుడును నింపించి, ఒక్కరే పోవుచు బండి బిరుసుగ నున్నదని వాపోవువారు కలరు. గాలి కొలుచుట ఉదయమున బండి కదలకమునుపే చేయవలెను. కొంతదూరము నడచిన టైరు వేడెక్కి మూడు నాలుగు పౌనులు హెచ్చు చూపును. అది చూచి గాలి తీసివేయరాదు.

గాలి సరిగానున్నను దెబ్బ తగులుచున్నచో, ఇంటి కుఱ్ఱవాడు సొగసుకొఱకు పెద్ద చక్రములు వేయించెనా యని విచారింపుడు. టైరు ప్రక్కన 185/65 ఆర్ 15 అని యున్నచో, వెడల్పు 185 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ యెత్తు అందులో నూటికి 65 వంతులు, అనగా 120 మిల్లీమీటర్లు, ఇనుపచక్రము 15 అంగుళములు అని యర్థము. దానికి బదులు 195/55 ఆర్ 16 వేసినయెడల ప్రక్కగోడ 107 మిల్లీమీటర్లకు దిగును. ఆ తగ్గిన పదుమూడు మిల్లీమీటర్ల మెత్తదనమునకు వెల చెల్లించునది నాయనమ్మ నడుము.

పడవవలె ఊగు బండికి చూడవలసినది షాక్ అబ్జార్బరులను. స్ప్రింగు ఉయ్యాల వంటిది. ఒకమాఱు త్రోసినచో తనంతట తాను ఆగదు. దానిని పట్టి ఆపు చేయి ఈ షాక్ అబ్జార్బరు. దాని లోపల నూనె సన్నని రంధ్రములగుండ బలవంతముగ పోవుటచే ఊపు చల్లారును. బండి ఒకమూలను గట్టిగ క్రిందికి నొక్కి విడిచిపెట్టుడు. పైకి లేచి కుదురుకొనవలెను. రెండు మూడు మాఱులు ఊగినచో అది యరిగినదన్నమాట. ఇప్పటి గట్టి కార్లలో ఈ పరీక్ష యెల్లప్పుడును నిజము చెప్పదు గావున, దాని గొట్టముమీద నూనె కాఱిన జాడ కలదా, టైరు అక్కడక్కడ గుంటలు గుంటలుగ అరిగినదా యనునదియు చూపింపుమని యడుగవలెను. మార్చవలసివచ్చినచో ముందటి రెండు గాని వెనుకటి రెండు గాని జతగ మార్పింతురు. ఒక్కటి మార్చుట తగదు. ఇక చిన్నచిన్న గతుకులపై క్రిందనుండి టకటకమని చప్పుడు వినవచ్చుచున్నచో అది అరిగిన రబ్బరు బుష్షులదో, కడ్డీల కీళ్లదో యగును. దానికి ఖర్చు తక్కువ.

వేగనిరోధకముల మాట యొకటి ఇచ్చట చెప్పక తీఱదు. భారత రోడ్ల కాంగ్రెసువారు 1988లో ప్రకటించిన కొలతల ప్రకారము అట్టి దిబ్బ 3.7 మీటర్ల వెడల్పున మెల్లగ లేచి 10 సెంటీమీటర్ల యెత్తు మాత్రమే యుండవలసియుండెను. గంటకు 25 కిలోమీటర్ల వేగమున సుఖముగ దాటవచ్చును. మా వీథిమొగను కట్టినది పొయ్యిగట్టువలె నున్నది. దానికి ఏ షాక్ అబ్జార్బరును బాధ్యత వహింపజాలదు.

మూడవజాతి అదురు. మా యత్తగారు చెప్పినది దీనినే. గంటకు 80 కిలోమీటర్లు దాటునప్పటికి మొదలై, వేగము మార్చినచో తగ్గు అదురు సాధారణముగ చక్రముల తూకము తప్పుటవలన వచ్చును. స్టీరింగు వడకినచో ముందుచక్రములను, సీటు వడకినచో వెనుకచక్రములను అనుమానింపవలెను. తూకమునకై చక్రపుటంచున బిగించిన సీసమువంటి చిన్న బిళ్ల ఊడిపోయినను చాలును. వర్షాకాలమున లోపలిప్రక్క బురద పేరుకొని యెండినను ఇదే జరుగును. నీళ్లతో కడిగినంతమాత్రమున పోయిన జబ్బుకు డబ్బిచ్చి వచ్చినవారున్నారు. అలైన్‌మెంటు అనునది వేఱు సంగతి. అది తప్పినచో బండి ఒకప్రక్కకు లాగును, టైరు ఒక అంచున అరుగును గాని సాధారణముగ అదరదు. బ్రేకు త్రొక్కినప్పుడు మాత్రమే వడకు వచ్చినచో బ్రేకుడిస్కు మందము సమముగ లేదని యనుమానింపవలెను. బండి నిలిచి ఇంజను మాత్రము తిరుగుచుండగా సీటు అదరినచో ఇంజను క్రింది రబ్బరులను చూపింపవలెను.

మా కథకు వత్తము. రెండవనెల మా యత్తగారు "నేను రాను, మాత్రలు ఇక్కడే కొనుక్కుంటా" నని భీష్మించి కూర్చుండిరి. అప్పటికిగాని మాకు మెలకువ రాలేదు. బండిని ఒక పెద్ద మరమ్మతుశాలకు పంపితిమి. నాలుగు షాక్ అబ్జార్బరులును మార్చవలెనని చెప్పి, ముప్పదివేలకు మించిన లెక్క చేతికిచ్చిరి. ఏది చూచి యట్లు చెప్పితిరని యడిగితిమి. నూనె కాఱిన జాడ చూపలేదు. బండిని నడపియైనను చూడలేదు. బండి పాతదైనదికదా యనిరి.

మావీథి చివర పంక్చరులు వేయు వృద్ధుడొకడు కలడు. బండి అక్కడ ఆపితిమి. అతడు మొట్టమొదట మా యత్తగారినే యడిగెను. "మామ్మగారూ, తమరు ఎటుపక్క కూర్చుంటారు? అదురు ఎక్కడ తగులుతుంది?"

"నా ఎడమతొడ కిందే నాయనా, మిషను కుట్టినట్టు," అని వారు చెప్పిరి.

అతడు వెనుక ఎడమచక్రమునకు జాకీ పెట్టి పైకెత్తి, చేతితో మెల్లగ త్రిప్పెను. బయటికి నున్నగానున్న టైరు లోపలిప్రక్క నిమ్మచెక్కంత ఉబ్బి, ఆ తావున నేలకు తగులు భాగమును మిట్టగ లేచియుండెను. ఎప్పుడో గోతియంచు బలముగ తగిలి లోపలి దారములు తెగినవనియు, ఇప్పుడు గాలిని పట్టుకొనియున్నది పైరబ్బరు మాత్రమే యనియు చెప్పెను. గోతులలో మెల్లగ పోవునప్పుడు ఆ మిట్ట తేడా తెలియలేదు. నున్నని త్రోవలో వేగము హెచ్చగానే గడగడలాడినది. అట్టి యుబ్బునకు అతుకు వేయుట లేదు. ఆ టైరు పెద్దరోడ్డుమీద నూఱు కిలోమీటర్ల వేగమున పగిలియుండినచో ఏమగునో అతడు చెప్పలేదు, మేమును అడుగలేదు. మా చిన్నవాడు మాత్రము చాలసేపు ఆ టైరునే చూచుచు నిలుచుండెను.

ప్రక్కగోడమీది నాలుగంకెలు కూడ అతడే చదివి చూపెను. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అనినచో 2019లో ఇరువదిమూడవ వారమున తయారైనదని యర్థము. మా టైరుకు ఏడేండ్లు నిండినవి. వెనుకటి రెండును క్రొత్తవి వేయించితిమి. షాక్ అబ్జార్బరులు పాతవే యున్నవి, ఇంకను బాగుగనే పనిచేయుచున్నవి.

నడుము నొప్పిగలవారిని వెనుకచక్రములకు పైగా కూర్చుండబెట్టుటకంటె ముందుసీటులో కూర్చుండబెట్టుట మేలు. రెండు ఇరుసులకు నడుమనున్నచోట కుదుపు తక్కువ; బస్సులోనైనను నడిమి వరుసలే సుఖము. ఇప్పుడు మా యత్తగారు ముందుసీటులోనే కూర్చుందురు. తరువాతినెల ప్రయాణమున బయలుదేఱిన కొంతసేపటికే మాటలు మాని కనులు మూసికొనిరి. మంగళగిరి దాటిన పిమ్మట మేల్కొని, "ఏరా, ఇంకా కాజ రాలేదా?" అని మనుమని నడిగిరి.