వాద్యము క్రొత్తది, గొంతు ప్రాతది

గత ఆదివారము మన హోసూరు సంఘ పఠన మందిరమున యువకులు కొందరు ఒక అమెరికా జాజ్ సంగీతపు రికార్డును వినిపించిరి. పెద్దలు కొందరు లేచి, తెలుగు సంఘమున ఈ రేకుల మోత యేల యని ఆక్షేపించిరి. ఈ విషయమున మా అభిప్రాయమును దాచక చెప్పుట మా విధి యని తలచుచున్నాము.

ఆ రికార్డు పేరు ‘ప్లెంటీ, ప్లెంటీ సోల్’. 1957 జనవరిలో మిల్ట్ జాక్సన్ అను నల్లజాతి విద్వాంసుని నాయకత్వమున తయారైనది. ఆయన వాద్యము వైబ్రాఫోను. వరుసగా అమర్చిన లోహపు పలకలను తలకు నూలు చుట్టిన పుల్లలతో వాయింతురు. పలకల క్రింది గొట్టముల మూతులకడ విద్యుత్తుచే బిళ్లలు తిరుగుచుండుటచే నాదము అలలుగా కంపించును. జాక్సన్ ఆ బిళ్లల వేగమును తగ్గించి, మనుష్యుని గొంతువంటి నిదానమైన కంపమును సాధించెను. జలతరంగము విన్న చెవులకు ఇది పరాయి ధ్వని కాదు. పింగాణి గిన్నెలలో రాగము పలుకగా, లోహములో ఆత్మ యేల పలుకరాదు?

జాక్సన్ 1923లో డెట్రాయిట్ నగరమున జన్మించి, బాల్యముననే చర్చి భక్తిగీతములు పాడెను. 1952లో ఏర్పడిన మోడరన్ జాజ్ క్వార్టెట్‌లో చేరి, ఐరోపా సంగీత మర్యాదల ననుసరించి, సూటు ధరించి కచేరీ మందిరములలో ఏండ్ల తరబడి వాయించెను. అయినను ఈ రికార్డులోని ‘సెర్మనెట్’ అను కృతిని వినుడు. చిన్న ధర్మోపదేశమని ఆ పేరునకు అర్థము. బోధకుడు పలుక సభ బదులు పలికినట్లే మాకు తోచినది. వేషము మారినను చిన్ననాటి గొంతు మారలేదు.

మన బిడ్డలు బడిలో తమిళము, కొలువులో ఇంగ్లీషు మాటలాడుదురు. అది తప్పదు, తప్పును కాదు. ఇంట మొదటి గొంతు కుదిరినవాడు ఏ వాద్యము పట్టినను దానిని పోగొట్టుకొనడు. అది కుదురనివానిని ఏ నిషేధమును కాపాడజాలదు. నేడు మన యిండ్లలో భోజనపు వేళ సైతము తెలుగు వినబడుట తగ్గినది. ఈ లోపము మా యింటను కలదని ఒప్పుకొనుచున్నాము.

కావున రికార్డును ఆపవలదు. ప్రతి ఆదివారము ఒక గంట సంగీతమునకును, ఒక గంట పిల్లలకు తెలుగు పద్యములు నేర్పుటకును కేటాయింపవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాము. నేర్పుటకు ఆక్షేపించిన పెద్దలే మొదట ముందుకు రావలెనని మా మనవి.