చదవకుండా కొట్టే చప్పట్లు

నలభై పంక్తుల కవిత ఒకటి వాట్సాప్ సమూహంలో వెలువడుతుంది. అర నిమిషం గడవకముందే దాని కింద ‘అద్భుతం’ అన్న ప్రశంస వాలుతుంది. ఆ వెనుకే జోడించిన చేతులు, పూలగుత్తులు, చప్పట్లు. కవి ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పుకుంటాడు. తెల్లవారేసరికి శుభోదయ చిత్రాల వెల్లువలో ఆ కవిత అడుగున పడిపోతుంది. మళ్లీ దాన్ని వెతికేవారుండరు. అంతమంది మెచ్చారు, సంతోషమే, మరి చదివినవారెవరు? అర నిమిషంలో నలభై పంక్తులు కంటికి ఆనుతాయేమో, హృదయానికి ఆనుతాయా? ఈ ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి. ఆ మాట టైపు చేసిన వేళ్లు మనవే.

ఇంతమాత్రాన ఆ సమూహాలను చులకన చేస్తున్నామని ఎవరూ అనుకోరాదు. అక్కడ జరుగుతున్నది సామాన్య విషయమేమీ కాదు. మొగుళ్లపల్లి వంటి చోటును తలచుకోండి. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాకు ఓ మూల, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఓ మండలం. చుట్టూ పత్తి చేలు, మిర్చి తోటలు, వరి మడులు. అటు భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు. ఇక్కడ పద్యం రాసినవాడు నిన్నమొన్నటిదాకా ఏం చేసేవాడు? తెల్లకాగితం మీద ఒకవైపే రాసి, తిరుగు స్టాంపులు జతచేసి, హైదరాబాదుకో విజయవాడకో పంపి, నెలల తరబడి పోస్టుమన్ దారి కాచేవాడు. తిరిగివస్తే ఎవరికీ చెప్పుకోలేక నోటుబుక్కును ట్రంకుపెట్టె అడుగున దాచేవాడు. ఆడబిడ్డయితే దాచుకోవటానికి ఆ పెట్టె కూడా తనది కాదు. ఇవాళ పత్తి ఏరి వచ్చిన చేతులతోనే ఆమె నాలుగు పంక్తులు రాసి, ఎన్నడూ ముఖం చూడని ఖమ్మం టీచరుకు, భివండిలో మరమగ్గం నడిపే మన పద్మశాలి అన్నకు, డల్లాస్‌లో ఉద్యోగం చేసే ఇంజనీరుకు ఒకే క్షణాన వినిపించగలుగుతున్నది. తరతరాలుగా మూతపడి ఉన్న ద్వారం తెరుచుకున్నది. తెరుచుకున్న ద్వారం దగ్గర నిలబడి మనం ఆమెకు ఏ మర్యాద చేస్తున్నామన్నదే ప్రశ్న.

ఇంతమంది కవులెందుకు, ఈ రాతల విలువెంత అని పెదవి విరిచే పండితులు ప్రతి తరంలోనూ ఉన్నారు. నిజాం రాజ్యంలో చెప్పుకోదగ్గ తెలుగు కవులే లేరన్న తృణీకారం వినిపించిన రోజులున్నాయి. అప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఆగ్రహ ప్రకటనతో సరిపెట్టుకున్నారా? ఊరూరి నుంచీ రచనలు రప్పించి, కూర్చి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచికను లోకం ముందు నిలిపారు. ఆ 354 మందీ మహాకవులేనా? కారు. అందులో అనేకుల పేర్లు నేటి సాహిత్య విద్యార్థులకైనా తెలియవు. ఐనా ఆ గ్రంథం ఒక జాతికి వెన్నెముక నిచ్చింది. ప్రోత్సాహం అంటే అది. అందులో శ్రమ ఉంది. ఉత్తరం రాయటం, ఎదురుచూడటం, విప్పి చూడటం, వరుసలో పెట్టటం, అచ్చు తప్పులు దిద్దటం ఉన్నాయి. ఒక్క బొటనవేలి బొమ్మతో అదంతా తీరిపోతుందని మనకు నేర్పినదెవరు?

మన పక్కనే మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసినప్పుడు ఆయనకు పాఠకులు ఎందరు? సాటి ఖైదీగా వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. ఇళ్లలో వంటపని చేసుకుంటూ స్వయంకృషితో చదువు నేర్చిన మనిషి ఆయన. 1938లో దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఆ నిరక్షరాస్య దేశంలో ఒకరు రాయటానికి, మరొకరు చదివించటానికి జీవితం ధారపోశారు. 1949లో వెలువడిన తన తొలి సంపుటి అగ్నిధారను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. రాజుకు ఇవ్వలేదు, జమీందారుకు ఇవ్వలేదు; వినటం తెలిసిన స్నేహితుడికి ఇచ్చారు. వెయ్యిమంది సభ్యులున్న నేటి సమూహంలో అలా అంకితం పొందదగిన శ్రోత ఒక్కరైనా ఉన్నారా? మనలో ఎవరం ఆ అర్హత సంపాదించుకున్నాం?

మనం నెరపుతున్నది ఇచ్చిపుచ్చుకోవటమే. నా కవితకు నీవు ‘అమోఘం’ అన్నావు గనుక నీ కవితకు నేను ‘అత్యద్భుతం’ అనాలి. అనకపోతే రేపు నా కవిత కింద నీవు కనిపించవు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడుగుపెట్టిన ఖరీదుదారు మిర్చి బస్తాలోకి చెయ్యి దూర్చి, కాయ తీసి, రంగు చూసి, తాలు చూసి గాని ధర చెప్పడు. మనమేమో బస్తా మూతి విప్పకుండానే అత్యున్నత ధర ప్రకటిస్తున్నాం. రైతును మోసగించే ధర తక్కువ ధర. కవిని మోసగించే ధర మితిమీరిన ధర. మొదటిదాన్ని అన్యాయమని గుర్తించి ధర్నా చేస్తాం. రెండోదాన్ని సంస్కారమని పిలుచుకుంటాం.

ఆపైన ప్రశంసాపత్రాల వ్యాపకం ఒకటి. వారానికో అంశం, అంశానికో పోటీ, పాల్గొన్న అందరికీ రంగురంగుల పత్రం. పత్రం మీద కవి ఫొటో ఉంటుంది, నిర్వాహకుల ఫొటోలు ఉంటాయి, దేవతా చిత్రం ఉంటుంది. కవిత మాత్రం ఉండదు. ఏడాది తిరిగేసరికి కొందరికి ఓ బిరుదు, ఓ శాలువా. సంకలనంలో చోటు కావాలంటే కొన్ని చోట్ల రుసుము. అచ్చు ఖర్చులు పంచుకోవటంలో తప్పేమీ లేదు. పేదవాళ్ల సాహిత్యం ఎప్పుడూ చందాలతోనే బతికింది. కానీ రుసుము కట్టిన ప్రతి రచనా అచ్చుకు అర్హమేనా? ఎంపిక చేయవలసిన సంపాదకుడు లెక్కలు చూసే గుమాస్తాగా మిగిలిపోతే, ఆ సంకలనాన్ని అందులో రాసినవారైనా చివరిదాకా చదువుతున్నారా? రూపాల సంగతీ అంతే. ఆచార్య ఎన్. గోపి నానీలను ప్రవేశపెట్టినప్పుడు నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు అన్న నియమం మాటను పొదుపుగా వాడే సాధన కోసం. నేడు నెలకో కొత్త ప్రక్రియ పుడుతున్నది. అక్షరాలు లెక్కపెట్టటం వస్తే చాలు, కవిత్వం వచ్చేసినట్టే అనుకుంటున్నాం.

ఇంకొక లక్షణం చూడండి. కవిత కింద ‘ఇది నా స్వీయరచన అని హామీ ఇస్తున్నాను’ అని రాయవలసి వస్తున్నది. ఎంత సిగ్గుచేటు! తన బిడ్డ తన బిడ్డేనని తల్లి చేత ప్రమాణం చేయించే సమాజం ఎక్కడైనా ఉందా? ఆ హామీ అవసరం ఎందుకు కలిగింది? మనం దొంగిలించాం గనుక. దొంగిలించిన ఒక్కడి మీద నెపం పెట్టి చేతులు దులుపుకోలేం. కవి పేరు చెరిపేసి పద్యాన్ని పదిమందికి పంపినవారు, పేరేదని అడగకుండా మళ్లీ పంపినవారు, ఎవరిదైతేనేం బాగుంది అన్నవారు అందరం ఆ చౌర్యంలో పాలివాళ్లమే. మూరెడు పొలం గట్టు జరిగితే కోర్టుకెక్కే మనం, మనిషి గుండెలోంచి పెకలించుకున్న పంక్తి గట్టు జరిపితే తప్పులేదంటామా?

రాసినవారు ఎవరన్నది చూసి మెప్పును తూచటం కూడా మనకు అలవాటైంది. అధికారి రాస్తే అరవై ప్రశంసలు, హెడ్మాస్టరు రాస్తే నలభై, కూలికెళ్లే ఇంటి పిల్ల రాస్తే రెండో మూడో. కులం పేరు తోకగా ఉందా లేదా అని వెతికే కళ్లు కవిత్వ సమూహంలోకి వచ్చాక మూసుకున్నాయా? ఇక స్త్రీలు రాసినప్పుడు మన సాహిత్య ప్రియత్వం ఏ దారి తొక్కుతున్నదో చెప్పుకోవటానికే తల వంగుతుంది. కవితకు స్పందన అన్న మిషతో ఆమె సొంత నంబరుకు అర్ధరాత్రి సందేశాలు. ఆమె జవాబివ్వకపోతే మర్నాడు ఆమె కవితలో దోషాన్వేషణ. ఇలాంటి కారణానికి ఒక్క కలమైనా ఆగిపోతే, ఆ సందేశం పంపినవాడితో పాటు, సంగతి తెలిసీ సమూహంలో చప్పట్లు కొడుతూ కూర్చున్న మనమూ నేరస్థులమే.

వీటన్నిటికీ మూలం ఎక్కడుంది? సెల్‌ఫోనులో లేదు. ఆ యంత్రానికి పాపపుణ్యాలు తెలియవు. మూలం మన స్వభావంలో ఉంది. కవిత్వం కంటే కవి అనే పేరును ఎక్కువగా ప్రేమిస్తున్నాం. వినటానికి ఓర్పు కావాలి, ఆ కాసేపు నేను అనేదాన్ని పక్కన పెట్టాలి. ఆ త్యాగం మనకు కష్టమైంది. ఇంకా లోతుకు వెళితే పిరికితనం కనిపిస్తుంది. నిజం చెబితే స్నేహం పోతుందన్న భయం. నిజం మోయలేని స్నేహం ఎందుకు పనికొస్తుంది? పంచాయతీ ఆఫీసులో, బడిలో, పెళ్లిపందిట్లో, ఎన్నికల వేదిక మీద అబద్ధపు పొగడ్తను జీవన విధానం చేసుకున్నవాళ్లం. కవిత్వం దగ్గరికొచ్చేసరికి అకస్మాత్తుగా సత్యవ్రతులం అవుతామా?

రాయనివారు తమకేమీ పట్టనట్టు తప్పించుకోరాదు. పిల్లవాడు నోటుబుక్కు వెనక పేజీలో నాలుగు పంక్తులు రాస్తే ‘ఇవి అన్నం పెడతాయా’ అని చింపిన తండ్రులం మనమే. తెలుగు పీరియడ్‌ను లెక్కల స్లిప్ టెస్టుకు అప్పగించిన ఉపాధ్యాయులం మనమే. తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం చేసుకున్నాం. చట్టం పుస్తకాన్ని బల్ల మీద పెట్టగలదు, నాలుక మీద తీపి పుట్టించలేదు. సెప్టెంబరు 9న, ప్రజాకవి కాళోజీ జయంతి నాడు, ఆయన పటానికి దండ వేసి, భాషా దినోత్సవం చేసి, ఫొటో దిగి, ఇంటికొచ్చి పిల్లలతో తెలుగు మాట్లాడటానికి నామోషీ పడే పెద్దలం కూడా మనమే. ఇంట్లో వినేవారు లేకనే కదా ఆ పిల్లలు రాత్రిపూట అపరిచితుల మెప్పు కోసం ఆకలిగొంటున్నది! ఆకలిగా ఉన్నవాడు నకిలీ అన్నాన్నైనా తింటాడు.

సాహిత్యవేత్తలకు మాత్రం మినహాయింపు ఉందా? తెలిసినవారు సమూహాల గడప తొక్కరు. దూరాన కూర్చుని ‘పిచ్చి రాతలు’ అంటారు. దిద్దగలిగీ దిద్దకపోవటం పాండిత్యమా, లోభమా? వరంగల్లులో కాళోజీ, ఆయన స్నేహితులు నడిపిన మిత్రమండలిలో రాసినవారు చదివేవారు, కూర్చున్నవారు విని చర్చించేవారు. అక్కడ మెప్పూ విమర్శా ఒకే చాప మీద కూర్చున్నాయి. ఓరుగల్లు నేలకు ఆ సంప్రదాయం కొత్త కాదు, పరాయిది అసలే కాదు.

నమ్మకం వదులుకోవటానికి మనకు హక్కు లేదు. 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో ఆరంభించిన కవిసంగమం తెర మీద పరిచయమైనవారిని అక్కడే ఆపేయలేదు. హైదరాబాదులోని లామకాన్ వేదికకు రప్పించి, పెద్దకవుల పక్కన కొత్తవారిని కూర్చోబెట్టి, కవిత్వం చదివించింది. హైదరాబాదులో సాధ్యమైనది మొగుళ్లపల్లి గ్రంథాలయంలోనో బడి వరండాలోనో ఎందుకు సాధ్యం కాదు? జనగామ ప్రాంతంలోని రేబర్తిలో పుట్టి, బడి చదువు లేకుండా, పశువులు కాచి, తాపీపని చేసి బతికిన అందెశ్రీ పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. 2025 నవంబరులో ఆయన కన్నుమూసినప్పుడు మనమంతా నివాళి సందేశాలు పంపుకున్నాం. అలాంటి గొంతు రేపు మళ్లీ ఏ పశువుల కాపరి నుంచో వస్తే, దాన్ని గుర్తుపట్టే చెవి మనకుందా? లేక దాని కిందా ఒక పూలగుత్తి పెట్టి సాగిపోతామా?

పాలకుర్తి దగ్గరి బమ్మెరను తలిస్తే మనకు పోతన ఒక్కడే తోస్తాడు. ఐతే నేడు మన చేతిలో ఉన్న తెలుగు భాగవతం ఒక్కరి చేతి పని కాదు. పంచమ స్కంధం బొప్పరాజు గంగన, షష్ఠం ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ పూరించారు. వారి పద్యాలు పోతన పద్యాలతో తులతూగుతాయా అన్న వాదం పండితులు చేసుకోనీండి. సాటికవి గ్రంథం అసంపూర్ణంగా ఉంటే ‘అద్భుతం’ అని పొగిడి ఊరుకోక, గంటం పట్టి కూర్చున్న ఆ ముగ్గురి శీలం మనకు కావాలి. ఆ శీలం ఒకప్పుడు ఈ భాషలో ఉంది. మళ్లీ వస్తుంది. మనం రప్పిస్తే వస్తుంది.

కాబట్టి సోదరులారా, అక్కాచెల్లెళ్లారా, ఈ రాత్రి మీ ఫోనులోకి వచ్చే కవితను రెండుసార్లు చదవండి. ఏ పంక్తి మీలో నిలిచిందో దాన్ని ఎత్తి చూపి నలుగురిలో చెప్పండి. ఏది తడబడిందో ఆ కవికి విడిగా, మర్యాదగా, ఆడబిడ్డయితే సమూహం పెద్దల సమక్షంలోనే చెప్పండి. చదివే తీరిక లేకపోతే ఈ రాత్రికి ఏమీ రాయకండి. రేపు చదివి రాయండి. మీకు ఎవరైనా లోపం చూపితే అలిగి సమూహం వదిలిపోకండి. ఇతరులకు పంపదలచుకున్న ప్రతి పద్యం కింద, పంపే ముందు, రాసినవారి పేరు కనుక్కుని రాయండి.