వీడ్కోలు వచనములు – ఖాళీ పీఠము

2024 ఫిబ్రవరి 10వ తేదీన 17వ లోకసభ కడపటి సమావేశము ముగియగా, సభాపతి శ్రీ ఓం బిర్లాగారు సభ్యులకు వీడ్కోలు పలికిరి. అయిదేండ్లలో సభ 274 దినములు కూడినదనియు, 222 బిల్లులు ఆమోదించినదనియు, నూటికి 97 పాళ్లు పని సాగినదనియు లెక్క చెప్పిరి. వీడ్కోలు వేళ మంచిమాట పలుకుట మన ఆచారము. దానిని మేము తప్పుపట్టము. కాని లెక్క చెప్పబూనినవారు జమలు మాత్రమే చదివి, బాకీలు మడిచిపెట్టరాదు. ఆ అయిదేండ్లును ఉపసభాపతి పదవి ఖాళీగనే యుండెను. ఆ బాకీ సంగతి యేమి?

రాజ్యాంగము 93వ అధికరణము, లోకసభ సాధ్యమైనంత త్వరలో సభాపతిని, ఉపసభాపతిని ఎన్నుకొనవలెనని శాసించుచున్నది. 'సాధ్యమైనంత త్వరలో' అనగా అయిదేండ్లని అర్థము చెప్పగల న్యాయవాదిని మేమింతవరకు చూడలేదు. నేరము ప్రభుత్వముపై మాత్రమే త్రోయుటకును వీలులేదు. సభా నియమములలో 8వ నియమము ప్రకారము ఆ ఎన్నికకు తేదీ నిర్ణయించువారు సభాపతియే. మరియొక చిత్రము వినుడు. 94వ అధికరణము ప్రకారము సభాపతి తన రాజీనామాను ఉపసభాపతి పేర వ్రాయవలెను. ఉపసభాపతియే లేనప్పుడు ఆ పత్రము ఎవరి చేతికి ఈయవలెను?

అధ్యక్షవర్గ సభ్యులు సభ నడుపుచునే యున్నారు గదా, ఏ పని ఆగినదని కొందరందురు. ఆ సభ్యులు సభాపతి నియమించినవారు. ఉపసభాపతి సభ ఎన్నుకొన్నవాడు. సభాపతి పీఠము అకస్మాత్తుగా ఖాళీయైనచో ఈ భేదము తెలియును. 1956లో మావలంకరుగారు దివంగతులుకాగా, ఉపసభాపతిగానుండిన మన అనంతశయనం అయ్యంగారుగారు సభాభారము వహించి, పిమ్మట సభాపతులైరి. 2002 మార్చి 3వ తేదీన బాలయోగిగారు కైకలూరు సమీపమున హెలికాప్టరు ప్రమాదములో మరణించిరి. ఆ దుర్దినములందును ఉపసభాపతి సయీదుగారుండుటచే సభకు పెద్దదిక్కు లేకపోలేదు. 17వ లోకసభకు అట్టి ఆపదయే వచ్చియుండినచో, 95వ అధికరణము ప్రకారము పీఠమున కూర్చుండువానిని సభగాక రాష్ట్రపతి నియమింపవలసియుండెను.

ఇంతకన్న ముఖ్యమైనది ప్రతిపక్షపు విశ్వాసము. 1977లో జనతాపక్షము ప్రభుత్వము నడుపుచుండగా, విజయవాడనుండి ఎన్నికైన కాంగ్రెసు సభ్యులు గోడే మురహరిగారు ఉపసభాపతి యైరి. ఓడినవారికిని సభలో ఒక పీఠము కలదను ధైర్యము అట్లు కలుగును. 1967లో సభాపతిగా ఎన్నికైన నీలం సంజీవరెడ్డిగారు తమ పక్ష సభ్యత్వమునే వదలుకొనిరి. పీఠమునకు పక్షము లేదని లోకమునకు తెలియవలెనని గదా ఆ త్యాగము! మరి 2023 డిసెంబరులో జరిగినదేమి? ఆ ఒక్క సమావేశములో 100 మంది లోకసభ సభ్యులు సస్పెండు చేయబడిరి. దేశప్రజల స్వేచ్ఛకు సంబంధించిన మూడు క్రిమినలు చట్టముల బిల్లులును, ప్రతిపక్షపు బల్లలు చాలవరకు ఖాళీగా నుండగా, డిసెంబరు 20వ తేదీన ఆమోదము పొందెను. నూటికి 97 పాళ్ల పనిలో ఇదియు చేరినదే! గానుగ తిరిగిన చుట్లు లెక్కించి సంతసించువారు నూనె ఎంత దిగెనో చూడవలదా?

సభాపతిగారితో మాకు వ్యక్తివైరము లేదు. 2024 జూన్ 26వ తేదీన వారే మరల ఆ పీఠమునకు ఎన్నికైరి. బాకీ తీర్చుటకు అవకాశము చేతికందినను, ఆ యేడు ముగియువరకును ఉపసభాపతి ఎన్నిక జరుగలేదు.

చదువరులారా! ఇది ఢిల్లీ పెద్దల ఇంటిగొడవ యని ఊరకుండరాదు. మీ పార్లమెంటు సభ్యుడు ఊరికి వచ్చినప్పుడు పూలదండకు ముందు ఒక ప్రశ్న వేయుడు: "అయ్యా, ఉపసభాపతి ఎన్నికకై తమరు సభలో ఎన్నిసార్లు లేచి అడిగితిరి?" ఏ పక్షమువారైనను సరియే, జవాబు రాబట్టుడు. ఆ ఎన్నిక జరిగిననాడు సభాపతిగారి వీడ్కోలు మాటలను మేమును మనసార మెచ్చుకొందుము.