నక్కిలీసు దరువు

పెళ్లిళ్ల కాలంలో శ్రీకూర్మం, గార, శ్రీకాకుళం దారిలో ఏ రాత్రి వెళ్లినా ఓ ఊరేగింపు ఎదురవుతుంది. ముందు డీజే బండి. దాని వెనక కుర్రకారు. పెళ్లికొడుకు కారు ఎక్కడో ఆఖర్న. దరువు చెవికన్నా ముందు గుండెకు తగులుతుంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన 'ఏటిరా ఈ గోల?' అంటాడు. మనవడు వినిపించుకోడు. వినిపించదు కూడా!

ఆ బండి మీద మోగే పాటల్లో 'నాది నక్కిలీసు గొలుసు' ఒకటి. అది ఉత్తరాంధ్ర జానపదం. 2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' సినిమాలోకి రఘు కుంచె సంగీతంతో వచ్చింది. తర్వాత సెల్‌ఫోన్లకెక్కింది. డీజేలు వేగం పెంచి, కంప్యూటర్ దరువు తగిలించి ఊరేగింపులకెక్కించారు.

ఆ దరువు మనది కాదు. జపాన్‌లో రోలండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే తాళం యంత్రాన్ని విడుదల చేసింది. అలాంటి యంత్రాలతో అమెరికాలోని చికాగో కుర్రాళ్లు రాత్రి క్లబ్బుల్లో కొత్త నాట్య సంగీతం పుట్టించారు. 'వేర్‌హౌస్' అనే క్లబ్బు పేరు మీదుగా దానికి 'హౌస్' అని పేరొచ్చింది. తాళంలోని నాలుగు దెబ్బలకూ నాలుగు 'ధమ్‌'లు పడాలి. అంతే సూత్రం. యంత్రానికి ఆయాసం లేదు, చెయ్యి నొప్పి లేదు. ఆడేవాడు అలసిపోవాలే గాని అది ఆగదు.

అలాగని దాన్ని వెలివేయాలా? అక్కర్లేదు. నక్కిలీసు అన్న మాటనే చూడండి. ఇంగ్లీషు 'నెక్లెస్' మన పల్లె నాలుక మీద పడి నక్కిలీసయింది. పాటలో అది పరాయి మాటలా వినిపిస్తుందా? హార్మోనియం ఐరోపా నుంచి వచ్చి మన పద్యనాటకానికి ప్రాణమైంది. క్లారినెట్ వచ్చి పెళ్లి మేళంలో కలిసిపోయింది. బయటి వస్తువు రావడం తప్పు కాదు. వచ్చాక మనం దాన్ని మార్చుకుంటున్నామా, అదే మనల్ని మారుస్తోందా అన్నదే ప్రశ్న.

మార్పు పాటలో కన్నా ఆటలో ఎక్కువ కనిపిస్తుంది. పాట వీడియోకి నృత్య దర్శకుడు ఎనిమిదేసి అంకెలు లెక్కపెట్టి స్టెప్పులు కడతాడు. అందులో ఒకటి అందరికీ గుర్తుండిపోవాలి. దాన్నే పిల్లలు ఫోన్లో చూసి నేర్చుకుంటారు. ఎవరు చేసినా కెమెరా వైపు తిరిగే చేస్తారు. పక్కవాడు ఏం చేస్తున్నాడో చూడక్కర్లేదు. పెళ్లి వీధిలో పాతికమంది ఎగురుతున్నా, సగం మంది చూపు ఎదురుగా ఎత్తిపట్టిన ఫోను మీదే ఉంటుంది.

ఇప్పుడు మన తప్పెటగుళ్లు చూడండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాదవుల కళ ఇది. గుండెకు రేకు వాద్యం కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. పాడేదీ వాళ్లే, వాయించేదీ వాళ్లే, ఎగిరేదీ వాళ్లే. ఒకరి భుజాలపై ఒకరు నిలబడి గోపురం కడతారు. ఒక్కడి దృష్టి చెదిరితే గోపురం కూలుతుంది. అందుకే ప్రతివాడూ పక్కవాణ్ని కనిపెట్టుకుని ఉండాలి. శ్రీకూర్మం గుళ్లో స్వామి పడమటి ముఖం. తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలు. గుడికి ఎదురేదో, వెనకేదో కొత్తవాళ్లు కాస్త తికమకపడతారు. తప్పెటగుళ్ల వలయానికైతే ఎదురూ లేదు, వెనకా లేదు. ఏ వైపు నిలబడి చూసినా ఆట పూర్తిగా కనిపిస్తుంది.

ఈ కలిసి ఆడడం కెమెరా ముందు సాధ్యం కాదనలేం. 'ఆర్ఆర్ఆర్'లో ప్రేమ్ రక్షిత్ కట్టిన 'నాటు నాటు' గుర్తుందిగా? ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారిన్‌స్కీ భవనం ముందు 2021లో తీశారు. 2023 మార్చిలో ఆస్కార్ గెలిచింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కి అందుకున్నారు. అందులో ఇద్దరు హీరోలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఒకే అడుగు వేస్తారు. పక్కవాడు తప్పితే తనదీ తప్పినట్టే. ప్రపంచమంతా ఆ అడుగు నేర్చుకోవడానికి పోటీ పడింది.

కనుక పిల్లల్ని డీజే దగ్గర్నుంచి చెయ్యి పట్టి లాక్కురావద్దు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా వీధిలో లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలున్నాయి. అది గుర్తుచేయండి చాలు. దాంతోపాటు మరో పని చేయండి. రేకు మీద చెయ్యి ఎలా పడాలో, గజ్జె ఎక్కడ ఆగాలో ఏ ఫోనూ నేర్పదు. వాయించేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. ఆడించేవాళ్లు లేకపోతే వాళ్ల పిల్లలూ ఆ పని మానేస్తారు. బియ్యం, బంగారం, భోజనాల లెక్క రాసే కాగితంలో వాళ్లకూ ఓ వరస రాయండి. ఊరేగింపు ముందు ఓ గంట ఆడమనండి. మన కుర్రాళ్లనీ ఆ వలయంలోకి దింపండి. నాలుగు అడుగులు తప్పినా ఫరవాలేదు, పక్కవాడు సరిదిద్దుతాడు.

డీజేకి అడ్వాన్సు ఇచ్చిన రోజే తప్పెటగుళ్లకూ తాంబూలం ఇచ్చి రండి.