పాత ఫోన్‌ను వెలివేస్తున్నదెవరు?

స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఓటీపీ, పీడీఎఫ్‌లు, థీసిస్ నోట్స్... మన హాస్టళ్లలో చాలామందికి వీటన్నిటికీ ఉన్నది ఒక్క ఫోనే. అదీ అన్న వాడి ఇచ్చిందో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో. చవక ఫోన్లకు కంపెనీలు రెండు మూడేళ్లకే అప్‌డేట్లు ఆపేస్తుంటాయి. స్క్రీన్ బాగానే ఉంటుంది, భద్రతా లోపాలను పూడ్చేవాళ్లే ఉండరు. వలంటీర్లు నడిపే లీనియేజ్ ఓఎస్ లాంటి కస్టమ్ ఫర్మ్‌వేర్ అక్కరకొచ్చేది ఇక్కడే.

అయితే రెండో ఫోన్ ఉన్నవాడి ప్రయోగం వేరు, ఒక్క ఫోనే ఉన్నవాడిది వేరు. అందుకే నన్ను అడిగేవాళ్లకు ముందు జాగ్రత్తలే చెబుతాను. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్‌లోని డేటా చెరిగిపోతుంది. బ్యాకప్ తీసి, అది తెరుచుకుంటోందో లేదో మరో చోట చూసుకోవాలి. పెట్టె మీది పేరును నమ్మకుండా మోడల్ కోడ్‌నేమ్ సరిచూడాలి. ఒకే పేరుతో అమ్మిన రెండు ఫోన్ల హార్డ్‌వేర్ వేరుగా ఉండొచ్చు, ఒకదాని ఫైలు ఇంకోదానికి ఎక్కిస్తే ఫోన్ ఆన్ కాకపోవచ్చు. ఫైలును ప్రాజెక్టు అధికారిక సైటు నుంచే దించుకుని, ఎస్‌హెచ్‌ఏ-256 విలువ పోల్చాలి. టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన జిప్ జోలికి పోవద్దు. కంపెనీ ఫర్మ్‌వేర్ కాపీ దగ్గర పెట్టుకోవాలి. పని అయ్యాక బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేయాలనిపిస్తుంది. చాలా ఫోన్లలో అలా చేస్తే మళ్లీ బూట్ కాదు. ఫీజు, స్టైపెండ్ రెండూ ఆ ఫోన్‌లోని బ్యాంకు యాప్ మీదే నడుస్తుంటే మాత్రం అసలు వద్దంటాను.

ఎందుకంటే అన్నీ సరిగా చేసినా ఒక గోడ మిగిలే ఉంటుంది. చాలా బ్యాంకు యాప్‌లు గూగుల్ ప్లే ఇంటెగ్రిటీతో ఫోన్‌ను పరీక్షిస్తాయి. తాజా ప్యాచ్‌లున్న లీనియేజ్ ఫోన్ అందులో తప్పుతుంది. ఏళ్ల తరబడి ఒక్క ప్యాచ్ కూడా అందని కంపెనీ ఫోన్ మామూలు స్థాయి పరీక్షలో గట్టెక్కేస్తుంది. బూట్‌లోడర్ తెరిచి ఉంటే, ఫోన్ చేతికి చిక్కినవాడు లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చగలడన్నది నిజమే. ఆ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. కానీ లోకానికంతా తెలిసిన రంధ్రాలున్న ఫోన్‌ను రానిచ్చే గేటు దేన్ని కాపాడుతున్నట్టు? ఫోన్ ఎంత భద్రమో అడగకుండా పుట్టుక అడుగుతోంది. అలాంటి గేట్లు మనకు కొత్తేమీ కాదు.

మోడల్‌ను మార్కెట్‌లోకి పంపడం ఆపేశాక కూడా కనీసం 5 ఏళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలన్న నిబంధన ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి వర్తిస్తోంది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, మొబైళ్లూ దాని పరిధిలో ఉన్నాయి. విడిభాగాలతో పాటు సాఫ్ట్‌వేర్‌నూ మరమ్మతు హక్కుగా గుర్తించాలని విద్యార్థి సంఘాలు, అధ్యాపకులు అడగాలి. ఆలోగా యూనివర్సిటీల కంప్యూటర్ సైన్స్ విభాగాలు వారానికో సాయంత్రం ల్యాబ్ తెరిచి, పని అయ్యేదాకా వాడుకోవడానికి ఒక స్పేర్ ఫోన్ అరువివ్వొచ్చు.